ఆ సారీ కాదు

నవంబర్ 11

ఈయన ఇవాళ ఒక మనిషిని కాపాడారు.

కొనబోయే పత్తి చూడటానికి ధర్మపురి వైపు వెళ్లి వస్తుంటే, గంగాధర దాటాక రోడ్డు పక్కన ఒకతను స్కూటర్‌తో సహా పడి ఉన్నాడట. దగ్గర్లో ఎవరూ లేరట. ఒక్కరే ఎత్తి, వెనక సీట్లో పడుకోబెట్టి, కరీంనగర్ తెచ్చి ఆసుపత్రిలో చేర్పించారు. ఇంటికి వచ్చేసరికి చొక్కా అంతా రక్తం. నేను బెదిరిపోతే "నాది గాదు" అన్నారు.

చొక్కా నానబెట్టాను. నీళ్లు మార్చిన కొద్దీ ఎర్రగానే వస్తున్నాయి.

అన్నం ముట్టలేదు. "మంచి పని చేసిండ్రు. అందరు ఆగరు" అన్నాను. గోడకు ఆనుకొని చాలాసేపు కూర్చున్నారు. తరువాత, నేను అడగకుండానే, "కారు ముందర జర దెబ్బ తగిలింది ప్రజ్ఞా. ధర్మపురి కాడ గొడ్డు అడ్డమొచ్చింది" అన్నారు.

ఒకే సాయంత్రం గొడ్డు, మనిషి. అవుతుంటాయి.

నవంబర్ 12

వెళ్లొద్దన్నారు. "తెచ్చి చేర్పించినం, అయిపోయింది. ఇగ మనకేం పని?" అన్నారు. స్కూలు అయ్యాక ఆటో ఎక్కి ఇంటి పేరు చెప్పబోయి ఆసుపత్రి పేరు చెప్పాను.

అతని పేరు జబ్బార్. బస్టాండు ముందు బ్యాగుల దుకాణం ఉందట. నేను ఎన్నిసార్లు ఆ దారిన పోయి ఉంటానో. ఐసీయూ బయట మెట్ల మీద అతని భార్య మక్సూదా, కూతురు ముబీనా కూర్చుని ఉన్నారు. పిల్ల డిగ్రీ ఆఖరి ఏడు. చేతిలో తండ్రి చెప్పులు పట్టుకొని ఉంది, కవర్లో.

"మీరెవరమ్మా?" అని అడిగింది మక్సూదా.

"ఆయనను తీస్కొచ్చింది మావారే" అన్నాను.

అది అబద్ధం కాదు.

ఆమె నా రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది. "అల్లా మీ ఆయనను సల్లగ సూడాలె. గుద్దినోడు గుద్ది పోయిండు. మీ ఆయన రాకుంటె మా ఆయన ఆడనే పోతుండె" అంది.

"సారీ అక్కా" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"నువ్వెందుకు సారీ అంటవు బిడ్డా? నువ్వేం జేసినవు?"

వాళ్లకని ఎవరో తెచ్చిన చాయ్ నాకిచ్చి తాగేదాకా ఊరుకోలేదు. తాగాను.

ఒకటి పైన రాయకుండా దాటేశాను. పొద్దున స్కూలుకు పోయేముందు కారు చూశాను. ఎడమవైపు లైటు పగిలి ఉంది. బంపర్ మీద జానెడు పొడుగున నీలం గీత.

గొడ్లకు నీలం రంగు ఉండదు.

నవంబర్ 13

బావగారు వచ్చారు. శ్రీధర్‌రావు గారు ఈయనకు సొంత అన్న, పేరున్న వకీలు. వస్తూనే కారు తాళాలు అడిగారు. అంటే ఈయన ఆయనకు అన్నీ చెప్పారన్నమాట. నాకే చెప్పలేదు.

"కారు ఆదిలాబాద్ పంపుతున్న" అన్నారు బావగారు. "మన చుట్టాల పత్తి జిన్నింగు మిల్లుల ఒక షెడ్డు ఉన్నది. ఆడనే బాగైతది. ఎవలన్న అడిగితే సర్వీసింగుకు పోయిందనుండ్రి." తరువాత నా వైపు తిరిగారు. "నువ్వు ఆసుపత్రికి పోయినవట?"

"పోయిన బావా."

"వాళ్లతోని ఏమన్నవు?"

"సారీ అన్న."

కప్పు కింద పెట్టారు. "ఇంకోసారి ఆ మాట అనకు. సారీ అంటే ఒప్పుకున్నట్టే. రేపు కోర్టుల అదే పట్టుకుంటరు." కాసేపు ఆలోచించి మళ్లీ అడిగారు. "నువ్వన్నంక వాళ్లేమనుకున్నరు?"

"పరామర్శ అనుకున్నరు."

"అట్లనా. అయితే ఫికర్ లేదు" అని చాయ్ తాగారు.

ఆయన వెళ్లాక మేడ మీద బట్టలు తీస్తుంటే ఈయన వచ్చి నిలబడ్డారు. ఇంక దాచడానికి ఏమీ లేదు కదా.

"ఫోన్ల పత్తి రేటు చూస్తున్న. అర నిమిషం గూడ లేదు ప్రజ్ఞా. తల ఎత్తేసరికి ముందట స్కూటర్."

"ఆగలేదా?"

"ఆగిన. దిగిన. నేనే ఎత్తిన."

"మరి ఆసుపత్రిల అట్లెందుకు చెప్పిండ్రు?"

"చెప్పాల్నని పోలే. ఎట్లయింది అని అడిగిండ్రు. ఎవలు గుద్దిండ్రన్నరు. తెల్వదు, రోడ్డు మీద పడి ఉన్నడని నోట్లెకెళ్లి వచ్చేసింది. అన్నంక ఎన్కకు తీసుకునుడు నాతోని కాలే. పోలీసులు వచ్చి అడిగితే గూడ అదే చెప్పిన."

ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. తీగ మీద ఆరేసిన చొక్కా వంక చూస్తూ ఉన్నారు. మరక పోలేదు.

నవంబర్ 14

బాలల దినోత్సవం. స్కూల్లో పాటలు, డాన్సులు, మైకు. తల పగిలిపోయింది. ఆసుపత్రికి పోలేదు.

నవంబర్ 15

జబ్బార్ పోయాడు.

ముబీనా ఫోన్ చేసింది. నంబర్ నేనే ఇచ్చి వచ్చాను. "ఆంటీ, మా అబ్బా పోయిండు" అని ఆగిపోయింది.

"సారీ బిడ్డా" అన్నాను. "చాలా సారీ."

"థాంక్యూ ఆంటీ" అంది.

థాంక్యూ అంది.

కార్తీక పౌర్ణమి. వీధి పొడుగునా దీపాలు. మా శ్రేయ కూడా గడప దగ్గర, తులసి దగ్గర పెట్టింది. వాళ్ల డాడీని చూడమని పిలిచింది. ఆయన కిటికీ మూసుకొని పడుకొని ఉన్నారు.

నవంబర్ 20

తొమ్మిదో తరగతికి ఇవాళ ఇంగ్లీషు పాఠం 'సారీ'. నేను ఏరుకోలేదు. వర్క్‌బుక్కులో మొన్న 'ప్లీజ్' అయింది, ఇవాళ ఇది.

ఎప్పుడెప్పుడు సారీ అంటామో చెప్పమన్నాను. కాలు తొక్కితే అన్నారు. హోంవర్క్ చేయకపోతే. ఎదుటివాళ్లు అన్నది వినపడకపోతే 'సారీ?' అని అడుగుతాం అన్నది ఒక పిల్ల. అడిగింది ఇవ్వలేకపోతే. ఎవరింట్లోనన్నా మనిషి చనిపోతే. అన్నీ బోర్డు మీద రాశాను. నా చేతిరాత ఇంత పాడైపోయిందేమిటి.

"టీచర్, తెలుగుల సారీని ఏమంటరు?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

"క్షమించండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. "ఎవలంటరు టీచర్ అట్ల?" అన్నారు. నిజమే. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ క్షమించమనగా నేను వినలేదు.

మా నాయనమ్మకు సారీ తెలియదు. పనిచేసే మనిషి మీద ఉత్త పుణ్యానికి నోరు చేసుకున్న రోజు, సాయంత్రానికి వాళ్ల వాకిట్లోకి పోయి "తప్పయింది, మాఫ్ జెయ్యి" అనేది. ఆ మాటలో ముందు వచ్చేది తప్పు. ఎవరిదో చెప్పే అవసరం లేదు, అన్న మనిషిదే. సారీలో తప్పు లేదు. బాధ ఉంది. బాధ ఎవరికైనా ఉండొచ్చు, చేసినవాళ్లకూ, చూసినవాళ్లకూ, వార్త విన్నవాళ్లకూ. వర్క్‌బుక్కు రాసినవాళ్లకు ఈ తేడా తెలుసో లేదో. ఒకే మాట కింద అన్నీ పెట్టి ఖాళీలు పూరించమన్నారు.

అయినా నేను చెప్పాను కదా. ఒకసారి మెట్ల మీద, ఒకసారి ఫోన్లో. ఆమె దాన్ని ఇంకో రకంగా వింటే నేనేం చేసేది.

నవంబర్ 28

మక్సూదా ఫోన్ చేస్తోంది. సాయంత్రం వంట వేళకు దాదాపు రోజూ. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్తులో ఉంది కాబట్టి నాలుగు నెలల పైన ఇల్లు దాటి రాదు, పరాయి మగవాళ్లకు కనిపించదు. గదిలో కూర్చుని తెలిసిన ఆడవాళ్లందరికీ ఫోన్ చేస్తుందట. ఆ తెలిసినవాళ్లలో నేను చేరాను.

ఇవాళ అడిగింది, "మీ ఆయన ఎట్ల ఉన్నడు బిడ్డా? గంత రక్తం జూసిండు. నిద్ర పడ్తున్నదా?"

"పడ్తలేదక్కా" అన్నాను. ఇది మాత్రం నిజమే చెప్పాను.

"నాకెరుకనే. నేను రోజు దువా జేస్తున్న ఆయన కోసం."

ఫోన్ పెట్టేసి చూస్తే కూర మాడిపోయి ఉంది. అందరం అదే తిన్నాం.

డిసెంబర్ 4

కారు వచ్చింది. కొత్తదానిలా ఉంది. శ్రేయ చుట్టూ తిరిగి చూసి "సూపర్ ఉంది డాడీ, సీట్ కవర్లు గూడ మార్పిచ్చిండ్రా" అంది.

ఆయన ఎక్కలేదు. గోదాముకు ఆటోలో వెళ్లారు.

డిసెంబర్ 5

బావగారు ఫోన్ చేసి అన్నారు, కేసు గుర్తు తెలియని వాహనం కింద మూసేస్తారట త్వరలో. "ఇగ ఈ ముచ్చట మర్చిపోండ్రి" అన్నారు. ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పినట్టు అనిపించదు. తమ్ముణ్ని కాపాడుకుంటున్నారు. నేనైనా అంతేనేమో.

శ్రేయకు మార్చిలో పరీక్షలు. తండ్రి జైలుకు పోతే ఆ పిల్ల ఏమవుతుంది. ఇది రాస్తుంటే కొంచెం ధైర్యంగా ఉంది. పిల్ల కోసమే అనుకుంటే ఏదైనా చేయొచ్చు.

వాళ్లకూ పిల్ల ఉంది.

డిసెంబర్ 11

బస్టాండు ముందు నుంచి పోతూ దుకాణం చూశాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల ముబీనా, ఒక సంచి జిప్పు సరిచేస్తోంది. కాలేజీకి పోవడం లేదట. వాళ్ల చిన్నాన్న మోయిజ్ పొద్దున పూట కూర్చుంటాడట, మధ్యాహ్నం నుంచి తను.

"పరీక్షలు రాయవా?"

"చూడాలె ఆంటీ."

స్టూలు జరిపి కూర్చోమంది. శ్రేయ కోసం ఒక బ్యాగు తీసుకుందామని అడిగితే ధర చెప్పలేదు. "మీ దగ్గర పైసలు తీసుకుంటే అమ్మీ కొడ్తది" అంది. వద్దని పెట్టేశాను. కాసేపు ఇద్దరం బస్సులు చూస్తూ కూర్చున్నాం.

"పోలీసోళ్లు ఇగ దొరకడు అంటున్నరు" అంది తనే.

"దొరికితే ఏం చేస్తవు ముబీనా?"

జిప్పు లాగి చూసి, మళ్లీ వెనక్కి తీసి, "ఏం జెయ్య ఆంటీ" అంది. "ఎందుకు ఆగలే అని అడుగుత. కండ్లు కనవడలే, తగిలింది, సరే. మనిషి పడ్డంక దిగాలె గద. దిగకుండ ఎట్ల పోయిండు అని. రోజు అదే అనుకుంట పంటున్న."

ఆగాడు. దిగాడు. నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. వాళ్లు తలుచుకొని తలుచుకొని ద్వేషిస్తున్న మనిషి అసలు లేడు. వాడు ఆగకుండా పోయినవాడు. ఈయన ఆగారు. ఆ ఒక్క ముక్క చెబితే ఆ పిల్లకు రాత్రి నిద్ర పట్టేదేమో. కానీ ఆ ముక్క ఒక్కటే విడిగా చెప్పడానికి లేదు.

"సారీ, లేటయింది, పోత" అని లేచాను.

ఆటోలో కూర్చున్నాక తెలిసింది ఏమన్నానో.

డిసెంబర్ 21

మక్సూదా ఫోన్. చహల్లుం మంగళవారమట. మనిషి పోయిన నలభయ్యో నాటి ప్రార్థన, ఫాతిహా. "మీ ఆయనను తోల్కరావాలె. మా వాళ్లంత జూస్తమంటున్నరు. రాకుంటె నేను ఊకోను" అంది.

బావగారికి చెబితే, "పోండ్రి" అన్నారు. "పోకుంటే అనుమానమొస్తది. పది నిమిషాలు కూసొని రాండ్రి. నోరు తెరువకు వంశీ."

ఈయన తల ఊపారు.

డిసెంబర్ 24

అంతా వరుసగా రాయాలి. రేపటికి నాకే ఇంకోలా గుర్తుంటుందేమో.

ఆటోలోనే వెళ్లాం. సందు మొదట్లో షామియానా, అద్దె కుర్చీలు, బగారా అన్నం వాసన. మోయిజ్ ఎదురొచ్చి ఈయన చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. నన్ను ఆడవాళ్ల వైపు పంపారు. మక్సూదా లోపలి గదిలో గోడకు ఆనుకొని ఉంది. చిక్కిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. గుమ్మానికి తెర కట్టి ఉంది. తెర ఇవతల మేం, అవతల వాకిట్లో మగవాళ్లు.

ఫాతిహా అయ్యాక మోయిజ్ ఈయనను గుమ్మం దగ్గరికి తీసుకొచ్చాడు. తెర సందులోంచి నాకు ఆయన పాదాలు, లుంగీ కట్టుకున్న ఇద్దరు ముగ్గురి పాదాలు కనిపిస్తున్నాయి.

"వదినా, సార్ వచ్చిండు" అన్నాడు మోయిజ్. తరువాత అందరికీ వినపడేలా, "గీ సార్ లేకుంటె మా అన్న సడక్ మీద దిక్కులేకుండ పోతుండె. నాలుగు దినాలన్న మా అన్న ముఖం చూసుకున్నమంటే గీ సార్ దయ" అని శాలువా కప్పాడు, దాని అంచు ఆయన మోకాళ్ల దాకా జారి నాకు కనిపించింది.

మక్సూదా తెర వైపు ముఖం తిప్పి చెప్పింది. "బేటా, సొంతోళ్లు గూడ గంత జెయ్యరు. నీ పిల్లలు సల్లగుండాలె."

ఈయన ఏదో ఒకటి అని వచ్చేస్తారనుకున్నాను. నమస్కారం పెట్టి తిరిగితే అయిపోయేది. అప్పుడు వినపడింది, "సారీ అమ్మా" అని. మళ్లీ "సారీ." మూడోసారి మాట కూడా రాలేదు, ఏడుపే.

"అరే సార్, మీరెందుకు పరేషాన్ అయితరు" అంటున్నాడు మోయిజ్. ఇంకెవరో ముసలాయన, "మీ చేతుల ఉన్నంత జేసిండ్రు, మీరు జేసింది అల్లా చూసిండు" అంటున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో నీళ్లు తెమ్మన్నారు. నా పక్కన మక్సూదా కొంగుతో కళ్లు తుడుచుకొని, "ఎంత మెత్తటి మనిషే మీ ఆయన" అంది.

ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు. ఆయన చెప్పినట్టూ అయ్యేది, వాళ్లు వినకుండా పోయినట్టూ అయ్యేది. ఆయనకు కొంచెం తేలికయ్యేది కూడానేమో. నాకైతే మెట్ల మీద అలాగే అయింది.

"అక్కా" అన్నాను. "ఆయన అంటున్నది ఆ సారీ కాదు."

"మరే సారీ?" అంది. మామూలుగానే అడిగింది.

"తప్పయిందక్కా. గుద్దింది మా కారే."

నేను మెల్లగా అన్నాను. అయినా తెర అవతల వినపడింది. ఆయన అన్నారు, ఈసారి ఏడవకుండా, "అవునమ్మా. నేనే గుద్దిన. ఫోన్ చూసుకుంట నడిపిన. పడి ఉన్నడని అబద్ధం చెప్పిన."

మోయిజ్ తను కప్పిన శాలువా తనే లాగేశాడు. ఆ తరువాత తోపులాట, కుర్చీ పడిన చప్పుడు, ఎవరో కొట్టిన చప్పుడు. ఆ ముసలాయన "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటున్నాడు. నేను లేవబోయాను. మక్సూదా చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. అదేదో తనకు అప్పుడే తెలిసినట్టు తీసేసుకుంది.

"రోజు ఫోన్ జేసిన గద నీకు" అంది. "మీ ఆయనకు నిద్ర పట్టాలెనని దువా జేసిన గద."

ఆమె ఒళ్లోంచి నా చెయ్యి తీసుకున్నాను.

ముబీనా లోపలి నుంచి వచ్చి నిలబడింది. అంతా విన్నది. నన్ను చూడలేదు. "పోండ్రి ఆంటీ" అంది.

సందు దాటేదాకా వెనక ఎవరూ రాలేదు. ఆయన పెదవి చిట్లింది. "స్టేషన్‌కు పోదాం" అన్నారు. పోయాం.

డిసెంబర్ 25

ఉదయం బావగారు స్టేషన్‌కు వచ్చారు. నాతో మాట్లాడలేదు. ఈయనతో ఒక్కటే అన్నారు. "నోరు తెరువొద్దని చెప్పిన. తెరిచినవు. సరే." అయినా సాయంత్రానికి ఆయనే బెయిల్ ఇప్పించి ఇంటికి తెచ్చారు. కేసు కొత్తగా రాశారు. ఆదిలాబాద్‌లో కారు బాగుచేయించిన సంగతి కూడా ఈయన చెప్పేశారు, షెడ్డు వెతికింది తనేనని, ఏర్పాటంతా తనదేనని. అన్న పేరు ఎక్కడా రానివ్వలేదు. అదొక్క అబద్ధం మిగిలింది.

శ్రేయకు నేనే చెప్పాను. "డాడీ మంచోడు గాదా మమ్మీ?" అని అడిగింది. "మంచోడే. తప్పు చేసిండు, అబద్ధమాడిండు" అన్నాను. ఆ మూడూ ఒకే మనిషిలో ఎలా పడతాయో దానికి అర్థం కాలేదు. తలుపేసుకుంది.

డిసెంబర్ 29

ఆయన పొద్దెక్కేదాకా పడుకున్నారు. లేపలేదు.

జనవరి 7

ప్రిన్సిపాల్ మేడం పిలిపించారు. పేపర్లో వచ్చింది కదా, పేరెంట్స్ అడుగుతున్నారట. "సారీ ప్రజ్ఞ గారు, ఈ ఏడుకు లీవ్ పెట్టుండ్రి. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

ఆ సారీ నాకు వెంటనే అర్థమైంది. అందులో ఏ గందరగోళమూ లేదు.

జనవరి 12

రోజూ వంట వేళకు ఫోన్ వైపు చూస్తున్నాను. మోగదని తెలుసు. ఎప్పుడైనా ఒకసారి నేనే చేయాలనిపిస్తుంది. చేసి ఏమంటాను. చెప్పాల్సింది చెప్పేశాను. దానికి మించి ఇప్పుడు నేను అడగగలిగింది మాఫీ ఒక్కటే, అది ఆమె దగ్గరే ఉంది. అది ఆమె ఇష్టం.

జనవరి 19

ఆదివారం. గేటు చప్పుడైతే ఈయనే వెళ్లి తీశారు. ముబీనా. మోయిజ్ వీధి అవతల బండి మీద కూర్చుని ఉన్నాడు, దిగలేదు.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. వరండా మెట్టు దగ్గరే నిలబడింది. నీళ్లిస్తే పట్టుకుంది, తాగలేదు.

"కేసు గురించి రాలే" అంది. "అమ్మీ పంపింది. ఇద్దత్తు అయ్యేదాక తను బయటికి రారాదు గద. సార్‌ను ఒకటి అడిగి రమ్మన్నది."

ఈయన చేతులు కట్టుకొని నిలబడ్డారు, పిల్లవాడిలా.

"అప్పుడు మీరు, కనవడ్డప్పటికే తెలివి లేకుండె అని డాక్టర్లకు చెప్పిండ్రంట. అది గూడ అబద్ధమేనా, కారుల మా అబ్బా హోష్‌ల ఉన్నడా అని అడగమన్నది. ఉంటే ఏమన్న అన్నడా అని."

నేను ఆయన వైపు చూశాను. ఇన్నాళ్లలో నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. జబ్బార్ చివరి మాటలు ఉంటాయని, అవి మా ఇంట్లో ఉన్నాయని.

"ఉన్నడు బిడ్డా" అన్నారు ఆయన. "కొత్తపల్లి దాక హోష్‌లనే ఉన్నడు."

"ఏమన్నడు?"

"అల్లా అల్లా అన్నడు. నీ పేరు రెండు సార్లు అన్నడు. మీ అమ్మకు ఫోన్ చెయ్యమన్నడు, నంబర్ చెప్పొచ్చేసరికి యాదికి రాలే ఆయనకు." అక్కడ ఆగారు. గ్రిల్లు పట్టుకున్నారు. ఇంక లేదేమో అనుకున్నాను. "నన్ను సార్ అన్నడు. సీటు ఖరాబైతున్నది సార్, రక్తం అంటుతున్నది, సారీ అన్నడు. అద్దంల నా దిక్కే చూసుకుంట అన్నడు. ఇంకోసారి గూడ అన్నడు."

"మీరేమన్నరు?"

"ఏం అనలే."

ముబీనా గ్లాసు నా వైపు చాపింది. గ్లాసు తీసుకున్నాను. వీధి అవతల మోయిజ్ మా వైపు చూసి, మళ్లీ తల తిప్పుకున్నాడు.

"మా అబ్బా అందరికి అట్లనే అంటుండె" అంది ముబీనా. "బ్యాగు చూసి కొనకుండ పోయేటోళ్లకు గూడ సారీ అనేటోడు. నీకేం తప్పు అబ్బా, ఎందుకంటవు అని నేను కొట్లాడేదాన్ని."

చున్నీతో ముఖం తుడుచుకుంది. పోతుందనుకున్నాను. పోలేదు. మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"ఇది గూడ అమ్మీకి చెప్పాల్నా ఆంటీ? పేరు పలికిండు, ఫోన్ చెయ్యమన్నడు అని చెప్త. గీ సీటు మాట చెప్తే తను తట్టుకుంటదా?"

ఈయన నా వైపు చూస్తున్నారు. చెప్పొద్దంటే ఆ పిల్ల వినేది. వాళ్ల అమ్మ మంచికేనని నమ్మి జన్మంతా దాచుకునేది.

"చెప్పు ముబీనా" అన్నాను. "ఆ మాట మీ అమ్మది. మా ఇంట్ల ఉండొద్దు."

సరేనన్నట్టు తల ఊపింది. గేటు దాటి, రోడ్డు రెండు దిక్కులా చూసుకొని, అవతలికి వెళ్లి బండి ఎక్కింది.